నేల కింద పడకగది



మన దగ్గర ఇల్లు కడుతున్నవాళ్లను "పని ఎంతదాకా వచ్చింది?" అని అడిగితే "బేస్‌మెంట్ అయిందండీ, గోడలు లేపుతున్నాం" అంటారు. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల లబ్ధిదారుకు బేస్‌మెంట్ పూర్తయ్యాక మొదటి విడత లక్ష రూపాయలు వస్తాయి. అంటే మన వాడుకలో బేస్‌మెంట్ అనేది నేల మీదికి లేచిన పునాది, ఇంటి అరుగు మట్టం. 34 ఏళ్లు ప్రభుత్వ భవనాలు కట్టించిన ఇంజనీరుగా నా చెవికీ ఆ మాటకు అదే అర్థం. అందుకే మా అమ్మాయి అమెరికా నుంచి ఫోన్ చేసి, "నాన్నా, మా బేస్‌మెంట్‌ని గదులుగా చేయిస్తున్నాం. ఇకమీదట నువ్వూ అమ్మా వస్తే మీ పడక అక్కడే" అన్నప్పుడు ఒక్క క్షణం నాకు బోధపడలేదు. పునాదిలో పడకేమిటి?

అక్కడ బేస్‌మెంట్ అంటే వేరు. ఇల్లు ఎంత మేర ఉందో అంత మేరా, దాని కింద నేలలోకి దిగిన ఇంకో అంతస్తు. మన పాత మాటల్లో నేలమాళిగ. మనవాళ్లు నేల కింద దాచింది ధాన్యాన్నీ డబ్బునూ. జొన్నలు పాతర వేసుకున్నారు, నాణేలు బిందెల్లో పోసి పూడ్చుకున్నారు. మనుషుల్ని నేల కింద పడుకోబెట్టే అలవాటు మనకు లేదు. ఇవాళ మీలో చాలామంది పిల్లలు మిషిగన్‌లోనో న్యూజెర్సీలోనో టొరంటోలోనో ఇళ్లు కొనుక్కుంటున్నారు. ఆ ఇళ్ల కింద ఉన్న ఖాళీ జాగాను హాలుగా, పిల్లల ఆటగదిగా, పడకగదిగా మార్చుకుంటున్నారు. ఆ గదుల్లో నెలల తరబడి ఉండేది తరచుగా మనలాంటి పెద్దవాళ్లమే. అందుకని ఆ పని ఎలా జరగాలో మనకూ తెలిసి ఉండాలి.

మా అమ్మాయి వాళ్లది డెట్రాయిట్ శివార్లలో నోవై అనే ఊరు. చలికాలంలో అక్కడ నేల పైనుంచి కిందికి గడ్డకట్టుకుంటూ పోతుంది. మట్టిలోని తడి మంచు పొరగా మారి, కిందినుంచి మరింత తడిని పీల్చుకుంటూ లావెక్కి, తన మీదున్న బరువును పైకి ఎత్తేస్తుంది. పునాది ఆ పొరలో ఉంటే ఇల్లు కదులుతుంది. అందుకని పునాది అడుగు 42 అంగుళాల లోతుకు తగ్గకూడదని ఆ ప్రాంతంలో నియమం. మూడున్నర అడుగులు ఎలాగూ తవ్వాలి. ఇంకో నాలుగైదు అడుగులు దిగితే ఇంటి కింద ఇల్లంత జాగా కలిసొస్తుంది. ఆ లెక్కతో పుట్టింది బేస్‌మెంట్. ఒకప్పుడు అందులో బొగ్గు కొలిమి, బొగ్గు నిలవ చేసే గది ఉండేవి. గ్యాసు వచ్చి కొలిమి చిన్నదయ్యాక జాగా మిగిలింది, రెండో ప్రపంచయుద్ధం తర్వాతి సంవత్సరాల్లో ఆ జాగాను కుటుంబం కూర్చునే గదిగా మార్చుకోవడం ఇంటింటి పని అయింది. డాలస్‌లో మనవాళ్లు ఎంతోమంది ఉన్నారు కదా, వాళ్లను అడిగి చూడండి, అక్కడి ఇళ్లకు బేస్‌మెంట్ దాదాపు ఉండదు. అక్కడ నేల అంత లోతుకు గడ్డకట్టదు. పైగా అక్కడిది మన నల్లరేగడి లాంటి మట్టి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది, పాతిపెట్టిన గోడను పక్కనుంచి నొక్కేస్తుంది.

మేం వెళ్లింది ఏప్రిల్ నెలలో. అప్పుడే మంచు కరిగి నేలంతా చిత్తడిగా ఉంది. పైన పడకగదుల్లో ఒకదాన్ని అల్లుడు ఆఫీసు గదిగా చేసుకున్నాడు, ఇంకోటి మనవడిది. మాకు కొన్నాళ్ల పాటు బేస్‌మెంట్‌లోనే సోఫా పరుపు వేశారు. వంటింటి పక్కనుంచి పదమూడు మెట్లు దిగాలి. కింద నున్నటి కాంక్రీటు నేల, నాలుగు వైపులా కాంక్రీటు గోడలు, నెత్తిన ఒక ఇనుప దూలం, దాన్ని మోసే మూడు ఇనుప స్తంభాలు. ఓ మూల ఇల్లంతా వేడిచేసే ఫర్నేసు, దాని పక్కన నీళ్లు కాచే పెద్ద ట్యాంకు. ఇంకో మూల నేలలో గుండ్రటి గుంట, అందులో ఒక మోటారు.

"ఇదేంటి బాబూ?" అంటే అల్లుడు "సంప్ పంపు, మామయ్య గారూ" అన్నాడు.

మనకూ సంపు ఉంది. మున్సిపాలిటీ నీళ్లు వచ్చినప్పుడు పట్టి దాచుకునే తొట్టి అది. అక్కడి సంపు పని తిరగబడి ఉంటుంది. పునాది చుట్టూ మట్టిలో పరిచిన చిల్లుల గొట్టాలు నేలలోని ఊటనంతా ఈ గుంటలోకి తెస్తాయి. నీరు ఒక మట్టానికి రాగానే మోటారు తనంతట తాను తిరిగి, ఆ నీటిని ఇంటికి దూరంగా కుమ్మరిస్తుంది. ఆ మొదటి రాత్రి అది పావుగంటకోసారి తిరిగింది. నిద్ర పట్టక పడుకుని వింటుంటే నాకు ఒకటే తోచింది. మేం పడుకున్నది నీటి మట్టం పక్కన. ఆ మోటారు ఒక్క రాత్రి ఆగితే తెల్లారేసరికి మా చెప్పులు తేలతాయి.

మోటారు ఆగేది ఎప్పుడు? కరెంటు పోయినప్పుడు. కరెంటు పోయేది ఎప్పుడు? గాలివానలో. సరిగ్గా నీరు ముంచుకొచ్చే రోజునే. అందుకే బ్యాటరీతో నడిచే రెండో పంపు పెట్టించడం నేను ఆ ఇంట్లో అడిగిన మొదటి పని. 2014 ఆగస్టు 11న డెట్రాయిట్ విమానాశ్రయం దగ్గర ఒక్కరోజులో నాలుగున్నర అంగుళాలకు పైగా వాన పడింది. పల్లపు రహదారులు చెరువులయ్యాయి. ఆ ప్రాంతమంతటా ఎన్నో బేస్‌మెంట్లలోకి మురుగు కాలువల నీరు వెనక్కి తన్నింది. వీధి కాలువ నిండితే ఇంట్లోంచి పోవాల్సిన నీరు ఇంట్లోకే వస్తుంది, మొదట పైకి ఉబికేది అన్నిటికంటే పల్లంలో ఉన్న బేస్‌మెంట్ తూములోంచే. దాన్ని ఆపడానికి మురుగు గొట్టంలో ఒకవైపే తెరుచుకునే కవాటం బిగిస్తారు. ఇంటి బీమాలో ఈ నష్టం మామూలుగా కలవదు, విడిగా అడిగి చేర్పించుకోవాలి. మీ పిల్లల పాలసీలో అది ఉందో లేదో ఈ వారం ఫోన్‌లో ఒక్కమాట అడగండి.

కాంట్రాక్టరు అప్పటికే ప్లాను గీసి ఇచ్చాడు. మంచి పనివాడే, నెమ్మదైన మనిషి. ప్లానులో సినిమా తెర, దాని ముందు రెండు వరుసల కుర్చీలు, ఒక పడకగది, స్నానాలగది, పూజకు చిన్న అలమర ఉన్నాయి. అమ్మాయి రంగుల పలకలు ముందేసుకుని కూర్చుంది. నేను ఉత్తరం వైపు గోడ దగ్గర కూర్చున్నాను. నేలకు జానెడు ఎత్తున గోడ పొడవునా తెల్లటి గీత. వేలితో రాస్తే పిండిలా రాలింది. మన మేస్త్రీలు ఉప్పు తేలిందంటారు. కాంక్రీటులోంచి నీరు నడిచి వచ్చి, లోపల గాలికి ఆరిపోతూ, తాను మోసుకొచ్చిన లవణాన్ని అక్కడ వదిలిపోతుంది. ఆ గీత అంటే నీరు వచ్చి వెళ్లిన దారి.

"దానికి వాటర్‌ప్రూఫ్ పెయింటు వేస్తారట నాన్నా" అంది అమ్మాయి. సముద్రానికి దగ్గర ఊళ్లలో నేను కట్టించిన బడి గోడలు నాకు గుర్తున్నాయి. ఉప్పు తేలిన గోడకు ఎన్నిసార్లు రంగు వేయించినా రెండో ఏడు పెచ్చులూడేది. లోపలివైపు పూసిన రంగు నీటిని ఆపదు, కొన్నాళ్లు కనబడకుండా దాస్తుంది. ఇక ఆ రంగు ముందు చెక్క చట్రం నిలబెట్టి, జిప్సం బోర్డు కొట్టేస్తే దాచడం పూర్తవుతుంది. ఆ బోర్డుకు రెండువైపులా కాగితం. తడిసిన కాగితం, చెక్క ఆరకుండా ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది. గోడ వెనక పుట్టిన బూజు కంటికి కనబడేసరికి ఇంట్లో ఎవరో ఒకరు దగ్గుతుంటారు.

నేను వాళ్లను అడిగింది రెండు నెలల గడువు. మే, జూన్ వానలు చూద్దాం, ఆ తర్వాత గోడలు మూద్దాం అన్నాను. అల్లుడు కాస్త నొచ్చుకున్నాడు, అడ్వాన్సు ఇచ్చేశాడు కదా. అయినా మాట తీసేయలేదు.

గోడ మీదా నేల మీదా ఐదుచోట్ల రెండడుగుల ప్లాస్టిక్ షీటు ముక్కలు పరిచి నాలుగు అంచులా టేపు వేశాం. రెండు రోజులాగి తీస్తే షీటు అడుగున చెమట పట్టి ఉందంటే కాంక్రీటులోంచి తడి వస్తున్నట్టు. పైన పట్టి ఉంటే గదిలోని గాలిలో తడి ఎక్కువైనట్టు. రెండిటికీ మందు వేరు. ఉత్తరపు గోడ మీది రెండింటికీ అడుగునే పట్టింది. అప్పుడు బయటికి వెళ్లి చూశాను. జబ్బు అక్కడుంది. చూరు కాలువ నిండా కిందటేటి ఆకులు. వాన గొట్టం సరిగ్గా గోడ మొదట్లోనే నీళ్లు వదులుతోంది. ఇల్లు కట్టినప్పుడు గోడ పక్కన పూడ్చిన మట్టి ఏళ్ల తరబడి కుంగి, వాటం ఇంటివైపే తిరిగింది.

ఒక చిన్న లెక్క చెబుతాను. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే వచ్చే నీరు సుమారు 2,360 లీటర్లు. మన ఇళ్ల మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల ట్యాంకులు రెండు నిండి పొర్లుతాయి. అంత నీటినీ ఒక గోడ మొదట్లో పోస్తూ, లోపల ఎంత ఖరీదైన రంగు వేసి ఏం లాభం? గోడ నుంచి మొదటి పది అడుగుల్లో నేల ఆరంగుళాలు దిగాలని అక్కడి నియమం. మనవాళ్లు చెప్పే వాటమే అది. అల్లుడూ నేనూ రెండు శనివారాలు ఒండ్రుమట్టి తెప్పించి, దిమ్మిస చేసి, రసమట్టం పెట్టి వాటం కట్టాం. వాన గొట్టాన్ని పది అడుగులు దూరం పొడిగించాం. మే నెలాఖరులో రెండు రోజులు కుండపోత పడింది. షీట్లు పొడిగా ఉన్నాయి. ఆ రాత్రి సంప్ పంపు గంటకోసారి కూడా తిరగలేదు.

నేల కింది గదికి నీటి సంగతి తేలకుండా మేకు కొట్టకూడదు. ఇది ఎంత చెప్పినా తక్కువే.

తరువాతిది గాలి. ఇది కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు. 1984 డిసెంబరులో పెన్సిల్వేనియాలోని లిమరిక్ అణువిద్యుత్ కేంద్రంలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు పనిచేసేవాడు. ఒంటికి అణుధూళి అంటిందేమో చూసే యంత్రాలు అక్కడ గుమ్మాల దగ్గర ఉంటాయి. ఆయన వెళ్లినప్పుడల్లా అవి మోగసాగాయి. కారణం వెతికితే ఆ ధూళి ఆయనకు అంటింది కేంద్రంలో కాదు, ఇంట్లో. నేలలో ఉండే యురేనియం నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూ రేడాన్ అనే వాయువును వదులుతుంది. అది పునాది పగుళ్లలోంచి ఆయన బేస్‌మెంట్‌లోకి చేరింది. లీటరు గాలికి 4 పికోక్యూరీలు దాటితే తగ్గించే ఏర్పాటు చేయించుకోమని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. వాట్రస్ ఇంట్లో ఉన్నది సుమారు 2,700. అమెరికాలో ఇంటింటి రేడాన్ పరీక్షలకు ఆ సంఘటనే నాంది. పొగతాగడం తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సరుకు రెండో పెద్ద కారణం రేడానే, దానివల్ల ఏటా 21,000 మంది చనిపోతున్నారని ఆ సంస్థ అంచనా.

యురేనియం ఎక్కడో ఉండే వస్తువు కాదు. మన కడప జిల్లా తుమ్మలపల్లెలో గనే ఉంది. కొద్దో గొప్పో రాళ్లలో, మట్టిలో అన్నిచోట్లా ఉంటుంది. మన ఇళ్లలో తలుపులూ కిటికీలూ రోజంతా తెరిచి ఉంటాయి కాబట్టి గాలి పోతూ వస్తూ ఉంటుంది. చలిదేశపు ఇల్లు ఆరు నెలలు బిగించి ఉంటుంది, పైగా వెచ్చటి గాలి పైకి పోతూ కింది మట్టిలోని గాలిని లోపలికి లాగుతుంది. బజారులో దొరికే పరీక్ష డబ్బా తెచ్చి, పన్నెండు గంటల ముందు నుంచే కిటికీలు మూసి, కనీసం రెండు రోజులు బేస్‌మెంట్‌లో ఉంచి ప్రయోగశాలకు పంపాం. 5.6 అని వచ్చింది. కాంక్రీటు నేలకు రంధ్రం చేసి గొట్టం దించి, దానికి ఫ్యాను తగిలించి, నేలకింది గాలిని కప్పు పైదాకా తీసుకెళ్లి వదిలే ఏర్పాటు చేశారు. సంపు గుంటకు గాలి చొరని మూత బిగించారు. ఒక్కరోజు పని. మళ్లీ పరీక్షిస్తే ఒకటికి కాస్త పైన వచ్చింది. గోడలు, నేల అన్నీ పూర్తయ్యాక ఈ పని చేయించాలంటే అన్నీ విప్పాలి. అందుకే ఇది కూడా ముందే.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న సంగతికి వస్తాను.

జూన్ మొదటివారం, రాత్రి పదకొండు దాటింది. మేమిద్దరం కింద పడుకున్నాం. ఉన్నట్టుండి ఇల్లంతా పొగ అలారాలు మోగాయి. ఆ మోత మీకు తెలియకపోతే చెప్పలేను, చెవిలోంచి మెదడులోకి మేకు దిగినట్టుంటుంది. లేచి లైటు వేసేసరికి మా ఆవిడ మంచం అంచున కూర్చుని చెప్పులు వెతుక్కుంటోంది. ఆమెకు రెండు మోకాళ్లూ నొప్పులే. ఒక్కో మెట్టుకూ రెండు కాళ్లూ ఆనించి ఎక్కాలి. మెట్ల తలుపు దగ్గర పొగ వాసన. తలుపు అవతల వంటిల్లు. పొగ అక్కడినుంచే వస్తోంది.

మనవడికి పాలు పెట్టి అమ్మాయి కునుకు తీసిందట. గిన్నె మాడింది, అంతే. రెండు నిమిషాల్లో కిటికీలు తెరిచారు, అలారాలు ఆగాయి. అందరూ మళ్లీ పడుకున్నారు. నాకు నిద్రపట్టలేదు. అది గిన్నె కాకుండా నూనె మూకుడు అయితే? మేం ఎక్కాల్సిన మెట్లు తీసుకుపోయేది మంటలోకే. వేరే దారి ఏది? లేచి టేపు తీసుకుని గదికి ఉన్న ఒకే ఒక కిటికీని కొలిచాను. నేలకు ఆరడుగుల ఎత్తున, గోడ పైఅంచుకు ఆనుకుని ఉంది. వెడల్పు 32 అంగుళాలు, ఎత్తు 14. పిల్లి దూరుతుంది. మనిషి దూరలేడు.

పొద్దున కాంట్రాక్టరు ప్లాను మళ్లీ తీసి చూశాను. పడకగది అని రాసిన చోట అదే కిటికీ.

అమెరికా గృహనిర్మాణ నియమావళి ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. మనిషి పడుకునే గదికి బయటికి తెరుచుకునే కిటికీ ఉండాలి. తెరిస్తే దొరికే ఖాళీ 5.7 చదరపు అడుగులు, కనీస వెడల్పు 20 అంగుళాలు, కనీస ఎత్తు 24. రెండూ కనీసమే పెడితే సుమారు 3.3 చదరపు అడుగులే వస్తుంది కాబట్టి ఒకటైనా బాగా పెంచాలి. కిటికీ కింది అంచు గదిలోని నేలకు 44 అంగుళాలు మించకూడదు. ఎందుకింత లెక్క? లోపలి మనిషి బయటికి రావడానికీ, వీపున గాలి సిలిండరు కట్టుకున్న అగ్నిమాపక సిబ్బంది లోపలికి దిగడానికీ. నేల కింద ఉన్న కిటికీకి బయట మట్టి తవ్వి చిన్న బావిలా కట్టాలి, అది తొమ్మిది చదరపు అడుగులకు తగ్గకూడదు, లోతు 44 అంగుళాలు దాటితే దానికి నిచ్చెన బిగించాలి. దీన్ని వాళ్లు ఈగ్రెస్ విండో అంటారు. మనం బతికి బయటపడే కిటికీ అనుకోవచ్చు.

"మామయ్య గారూ, దానికే కొన్ని వేల డాలర్లు అవుతుంది. ప్రొజెక్టరు, కుర్చీలు మానుకోవాల్సి వస్తుంది" అన్నాడు అల్లుడు. నేనేమీ అనలేదు. అమ్మాయి అంది, "కుర్చీలు వద్దు. అమ్మ మెట్లెక్కడం నువ్వు చూశావుగా." మా అల్లుడు మంచివాడు. ఆ సాయంత్రమే కాంట్రాక్టరుకు ఫోన్ చేశాడు. ఆయన కూడా వాదించలేదు.

వేరే దారి కావాల్సింది మంటకే కాదు, నీటికీ. 2021 సెప్టెంబరు 1న ఇడా తుపాను అవశేషం న్యూయార్క్, న్యూజెర్సీల మీద కురిసింది. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్‌కు దగ్గరలోని న్యూఆర్క్‌లో ఆ ఒక్కరోజు ఎనిమిది అంగుళాలు దాటింది. న్యూయార్క్ నగరంలో చనిపోయిన 13 మందిలో 11 మంది బేస్‌మెంట్ ఇళ్లలో ఉన్నవాళ్లే. నీరు మెట్ల మీదుగా దిగి తలుపును బయటినుంచి నొక్కి పెడితే లోపలి మనిషి బలం సరిపోదు. మన దేశంలోనూ అంతే. 2024 జులై 27న ఢిల్లీ పాత రాజేంద్రనగర్‌లో సివిల్స్ కోచింగ్ భవనం బేస్‌మెంట్‌లోకి వాన నీరు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. సామాన్లకూ వాహనాలకూ అనుమతి ఉన్న చోట గ్రంథాలయం నడిచింది. సామాను ఉండే చోటుకూ మనిషి ఉండే చోటుకూ చట్టం తేడా పెట్టింది ఊరికే కాదు. ఆ తేడా ఒక కిటికీ, ఒక రెండో దారి.

కిటికీ కోసే రోజు చూడదగ్గ రోజు. అంతకు కొన్నాళ్ల ముందు 811 నంబరుకు ఫోన్ చేస్తే, డబ్బు తీసుకోకుండా మనిషి వచ్చి భూమిలో ఏది ఎక్కడుందో పచ్చికమీద రంగుతో గీతలు గీసిపోయాడు, గ్యాసుకు పసుపు, కరెంటుకు ఎరుపు. మన ఊళ్లలో ఒకరు రోడ్డు వేస్తే ఇంకొకరు వచ్చి పైపు పగలగొట్టడం చూసిన నాకు ఆ గీతలు ఎంతో ముచ్చటేశాయి. గోడ పైన ఇంటి బరువు ఎటు దిగుతోందో ఇంజనీరు లెక్క చూసి, కొత్త ఖాళీ మీదుగా దూలం ఎంత ఉండాలో రాసిచ్చాడు. వజ్రపు పళ్ల రంపంతో, నీళ్లు చల్లుతూ కాంక్రీటు కోశారు. దిమ్మ కదిలి బయటికి రాగానే గదిలోకి వెలుగు పడింది. ఆ ఇల్లు కట్టాక ఆ నేల మీద ఎండ పడటం అదే మొదటిసారి. బావి అడుగున కంకర పోసి, అందులో చేరిన నీరు పునాది గొట్టంలోకి పోయేలా కలిపారు. లేకపోతే ఆ బావే మరో చెరువు అవుతుంది.

మిగిలినవి త్వరగా చెబుతాను. గోడకు నేరుగా దూది లాంటి ఫైబర్‌గ్లాస్ పెట్టి దానిమీద ప్లాస్టిక్ కప్పడం అక్కడ చాలా ఇళ్లలో జరిగింది. కాంక్రీటులోంచి వచ్చే తడి ఆ రెండింటి మధ్య చిక్కి కుళ్లుతుంది. మేం గట్టి ఫోమ్ పలకల్ని కాంక్రీటుకు అంటించి, అంచులన్నీ మూసి, దాని ముందు చెక్క చట్రం నిలబెట్టించాం. నేలకు తగిలే చెక్క మందు పట్టించినదే ఉండాలి. గోడ నుంచి గోడకు తివాచీ నాకు ఇష్టం లేదు, తడి పట్టిందంటే ఆరదు. వినైల్ పలకలు వేసి, మీద చిన్న తివాచీ పరిచారు, ఎప్పుడైనా తీసి ఎండలో వేయొచ్చు. పైకప్పు ఏడడుగులకు తగ్గకూడదు. దూలాల కింద, గాలిగొట్టాల కింద ఆరడుగుల నాలుగంగుళాల దాకా ఒప్పుకుంటారు. వంటింటి గొట్టాలు నడిచే చోట విప్పి పెట్టుకోగల పలకల కప్పు వేయించాను. కరెంటు ప్యానెల్‌ని ప్లానులో బట్టల అలమరలో దాచారు. అది కుదరదు, నియమం ఒప్పుకోదు. దాని ముందు మూడడుగులు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. ఫర్నేసు ఉన్న గదికి గాలి ఆడాలి, గాలి ఆడని చోట మండే గ్యాసు కార్బన్ మోనాక్సైడ్ అనే విషాన్ని పుట్టిస్తుంది. ఆ గది తలుపుకు చిల్లుల రెక్కలు పెట్టించి, బయట అలారం బిగించాం. మూడు స్తంభాల్లో ఒకటి తెరకు అడ్డమని తీసేద్దామన్నారు. ఆ మాట రెండోసారి రాకుండా చూసుకున్నాను.

నగర కార్యాలయం నుంచి అనుమతి తీసుకున్నారు. బోర్డులు కొట్టకముందే ఇన్‌స్పెక్టరు వచ్చి చట్రం, తీగలు, గొట్టాలు చూసి సంతకం పెట్టాడు. కొందరు అనుమతి లేకుండా చేయించేస్తారు. ఇల్లు అమ్మే రోజున కాగితం లేదని బేరం అక్కడే ఆగుతుంది. ఇంకో మాట. నేల మట్టానికి దిగువన ఉన్న జాగాను ఇంటి విస్తీర్ణంలో కలపరు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఫ్యానీ మే అనే గృహరుణ సంస్థ విలువ కట్టేవాళ్లకు ఆ కొలత పద్ధతినే తప్పనిసరి చేసింది. కాబట్టి ఈ ఖర్చు అమ్మకం లెక్కతో చేయకూడదు, అందులో ఉండేవాళ్ల కోసం చేసుకోవాలి.

సెప్టెంబరుకు పని అయిపోయింది. మనవడి రైలు పట్టాలు ఓ మూల, అమ్మాయి నేర్పే కూచిపూడి పిల్లలకు మధ్యలో జాగా, గోడకు మామూలు టీవీ. దసరాకు బొమ్మల కొలువు అక్కడే పెట్టారు. అరవై మందిదాకా వచ్చారు. పైన వంటింట్లోంచి పులిహోర గిన్నెలు మెట్లమీదుగా చేతులు మారుతూ దిగాయి. తేమ కొలిచే చిన్న యంత్రం గోడకుంది, యాభై శాతం దాటితే డీహ్యూమిడిఫయర్ తిరుగుతుంది.

మేం తిరిగి బయల్దేరే ముందు ఆదివారం ఒక పని చేశాం. మెట్ల తలుపు మూసి, "ఇప్పుడు వంటిల్లు అంటుకుంది అనుకోండి" అన్నాను. మనవడు కిటికీ గొళ్లెం తీసి, ఉడతలా బావిలోకి దూకి నిచ్చెనెక్కి పచ్చికమీద నిలబడి "అమ్మమ్మా, రా!" అని కేకేశాడు. కిటికీ కింద అల్లుడు గట్టి చెక్కపీట ఒకటి బిగించి ఉంచాడు. మా ఆవిడ కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, పీట మీద ఒక కాలు, అంచుమీద ఒక చెయ్యి వేసి, ఊపిరి బిగబట్టి అవతలికి ఒరిగింది. నేను వెనక నిలబడి చేతులు చాచానే కానీ పట్టుకోలేదు, నేను లేని రోజు కూడా ఆమె దాటాలి కదా. నిచ్చెన మీద మూడు మెట్లు. చివరి మెట్టు మీద మనవడు చెయ్యి అందించాడు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. కిటికీ తెరవడం మొదలు ఆమె పచ్చికమీద కాళ్లు మోపేదాకా ఒక నిమిషం పది సెకన్లు.